మంచె కింద చిన్న చెప్పులు

చెరువు మధ్య తుమ్మచెట్ల మీద ఈ ఎండాకాలం కొంగలు పిల్లల్ని చేశాయి. కాపలా కాసే హెప్సిబాకు కాళ్లు నేల మీద ఆనడం లేదు. గూళ్ల దగ్గరికి వెళ్లే వీలు మాత్రం ఆమెకైనా లేదు. పక్షులు బెదరకుండా ఎవరైనా చెప్పులు విడిచి, గట్టు మీది మంచె ఎక్కి చూడాల్సిందే.

పొద్దుగూకింది. మెట్‌పల్లి బడిపిల్లలు వెళ్లిపోయినా మంచె కింద ఒక చిన్న జత మిగిలింది. పైన ఎవరో కిలకిలా నవ్వారు.

"గేటు బందు జేస్తున్న, దిగు బిడ్డా!"

హెప్సిబా కేకేసి, తన చెప్పులు విడిచి ఎక్కింది. పైన ఎవరూ లేరు.

కింద టపటపమని అడుగులు. తొంగి చూసింది. చిన్న జత అక్కడే ఉంది. తనవే లేవు. చప్పుడు నీళ్ల మీదుగా తుమ్మల దాకా సాగింది. ఒక్క కొంగ కూడా లేవలేదు.

గూళ్ల పక్కనుంచి సంబరంగా పిలుపు. "నా చెప్పులేస్కొని రా అక్కా, మునుగవు! పిల్లలు మస్తు ముద్దుగున్నయి!"

హెప్సిబా గబగబా దిగింది. ఆ చిన్న చెప్పులు ఆమె కాళ్లకు అతికినట్టు సరిపోయాయి.