హాజరుపట్టీ

ఓబులేసు మచ్చుకత్తిని గుమాస్తా విశ్వేశ్వరయ్య మెడకు ఆనించాడు.

"మార్చి నెల హాజరుపట్టీ యాడుండాదో తీయప్పా. మళ్లా అడగను."

నంద్యాల బండల కంపెనీ ఆఫీసు అది. మిట్టమధ్యాహ్నం, అందరూ సంగటికి పోయారు. గోడ పొడవునా, నేల నుంచి దూలం దాకా ఎర్రగుడ్డ కట్టలు. ప్రతి కట్టకూ ఒక చీటీ. ఓబులేసుకు అక్షరం ముక్క రాదు.

రేపే కోర్టు. ఆళ్లగడ్డలో రంగయ్య హత్య జరిగిన రోజు తాను ఈ కంపెనీ బేతంచెర్ల గనిలో బండలు తీస్తున్నానని చెప్పుకొని ఓబులేసు జామీను మీద బయటపడ్డాడు. ఆనాటి హాజరుపట్టీ తెమ్మని కోర్టు కంపెనీకి తాకీదు పంపింది. అందులో గైర్హాజరు కనిపిస్తే ఉరే. పైగా ఈ గుమాస్తా ఎవరో కాదు, రంగయ్యకు సొంత అన్న.

"ఇయ్యను. ఇరవై ఏండ్లలో ఈ రూములో ఒక్క కాగితం పోలేదు. నరుక్కో."

"నీ తమ్ముడూ ఇట్లే నీలిగినాడులే."

ఓబులేసు గుమాస్తా ఎడమ చేతిని బల్లకు అదిమిపెట్టి ఒక్క వేటు వేశాడు. రెండు వేళ్లు ఎగిరి సిరాబుడ్డి పక్కన పడ్డాయి.

"ఇంగ కుడిచెయ్యి పెట్టు. రాసే చెయ్యి గదా!"

"ఆగప్పా! ఇస్తా!"

విశ్వేశ్వరయ్య తూలుతూ లేచి మూడో వరసలోంచి ఒక కట్ట లాగాడు. కాగితాల మీద రక్తం కారింది.

"రేపు కోర్టులో ఈ పట్టీ కనపడిందో, మీ ఇంట్లో పిల్లి గూడా మిగలదు."

"ఇదేనప్పా. నా బిడ్డల మీద ఒట్టు."

ఓబులేసు కట్ట విప్పి, వెంట తెచ్చిన కిరసనాయిలు కుమ్మరించి అగ్గిపుల్ల గీశాడు. చివరి కాగితం నల్లబడేదాకా కాలితో ఎగదోస్తూనే ఉన్నాడు.

అప్పుడే గని మేస్త్రీ మద్దిలేటి తలుపు తోసుకొని వచ్చి, కొయ్యబారి నిలబడిపోయాడు.

"ఏందిరా కాల్చినావ్?"

"నా ఉరితాడు కాల్చినా మేస్త్రీ. మార్చి పట్టీ!"

మద్దిలేటి నెత్తి కొట్టుకున్నాడు. "నీ తల కాల్చుకున్యావు గదరా! రానోళ్లకూ హాజరేసి ఆ కూలి నేను తింటాండా. ఆ పొద్దు నీకూ ఏసినా! ఆ పట్టీ చూసింటే జడ్జి నిన్ను ఇడిచిపెట్టేటోడు!"

ఓబులేసు చేతిలోంచి కత్తి జారిపడింది.

విశ్వేశ్వరయ్య ఎర్రగుడ్డను తెగిన వేళ్లకు చుట్టుకుంటున్నాడు.

"దాంట్లో వీనికి హాజరు పడిందని నాకు తెలుసు మేస్త్రీ. దాన్ని నా చేత్తోనే జడ్జికి ఇయ్యాల్సొస్తాదని వారం దినాల నుంచి నిద్రల్యా."