అయిదు మాటలు

"గొడుగు... ఉప్పు..." అని డారెన్ హెప్‌వర్త్ ఆగిపోయాడు.

మిగిలిన మూడూ చెప్పలేదు. డాక్టర్ ఆక్రాయిడ్ టీ కప్పు పక్కన పెట్టి, కాగితం మీద రెండు అని వేశాడు. ఆయన ఏటా అవే అయిదు మాటలు అడుగుతాడు. కొత్తవి వెతికే ఓపిక లేదు.

రగ్బీ లీగ్‌లో సీజన్ మొదలయ్యే ముందు అందరికీ ఈ పరీక్ష ఉంటుంది. మాటలు విని తిరిగి చెప్పాలి. నెలలు వెనకనుంచి అప్పజెప్పాలి. కళ్ళు మూసుకుని ఒంటికాలి మీద నిలబడాలి. ఆ మార్కులు ఫైల్లో ఉంటాయి. ఆటలో తలకు దెబ్బ తగిలితే మళ్ళీ ఇదే పరీక్ష. ఫైల్లో ఉన్నదానికంటే తగ్గితే ఆ రోజుకిక ఆడనివ్వరు.

అందుకే ఆ యార్క్‌షైర్ ఊళ్ళో పాతకాపులు కొత్తవాళ్ళకు ముందు నేర్పేది బంతి పట్టుకోవడం కాదు, ఈ పరీక్ష చెడగొట్టడం. ముందే తక్కువ తెచ్చుకుంటే, దిమ్మ తిరిగినా ఆ పాటి మార్కులు వస్తాయి. ఆ విద్యలో డారెన్‌ది పదకొండేళ్ళ అనుభవం. ఇంగ్లండుకు ఇరవై ఆరు ఆటలు ఆడాడు. ఏడాది చివర్లో ఆస్ట్రేలియా జట్టు వస్తోంది. ముప్పైమూడేళ్ళవాడికి అదే ఆఖరి అవకాశం. ముందు ఈ కాగితం మీద సంతకం పడాలి.

"నెలలు చెప్పు."

"డిసెంబరు, నవంబరు, అక్టోబరు..." డారెన్ కిటికీలోంచి తడిసిన మైదానం కేసి చూశాడు. "ఆగస్టు. ఏప్రిల్."

ఒంటికాలి మీద మూడు క్షణాలు కూడా నిలవలేదు. బల్ల అంచు పట్టుకున్నాడు. నుదుట చెమట.

తర్వాతి వంతు కోసం బయట కూర్చున్న జట్టువాడు కోల్ తలుపు సందులోంచి చూసి పగలబడి నవ్వాడు.

"నాటకాల్లో చేరాల్సిందన్నా నువ్వు. ఆ చెమట ఎలా తెప్పించావ్?"

డాక్టరుకీ నవ్వొచ్చింది. మీ వేషాలు నాకు తెలియవనుకున్నారా అన్నాడు. పోయినేడు మూడైనా చెప్పావు, మరీ రెండంటే పైవాళ్ళు పెద్దాసుపత్రికి పంపమంటారని మందలించాడు.

"ఇంకోసారి చెప్పనా డాక్టరుగారూ?"

"ఎందుకూ, ఇంకా తగ్గించడానికా? పోవయ్యా."

రెండును మూడుగా దిద్ది సంతకం పెట్టేశాడు. ఆస్ట్రేలియావాళ్ళకి మూడిందన్నాడు కోల్, భుజం చరుస్తూ.

గేటు దగ్గర కారులో భార్య షీలా ఉంది. ఈమధ్య ఎక్కడికైనా ఆమే నడుపుతోంది. సంతకం సంగతి అడగలేదు.

"ఎన్ని చెప్పావ్?"

"రెండు."

షీలా తాళంచెవి తిప్పబోయి ఆగింది.

నెల రోజులుగా పొద్దునా సాయంత్రం ఆమె అతనిచేత వల్లె వేయిస్తున్నది ఆ అయిదు మాటలనే.