పదకొండో మలుపు

ఇంకా ఆరు చుట్లే మిగిలాయి. పదకొండో మలుపులో ఒక్క కారు కూడా ఇంకో కారును దాటలేదు.

గ్యాలరీ మెట్ల మీద ఒత్తావియా కూర్చోలేకపోతోంది, నిలబడలేకపోతోంది. ఆ మలుపు గీసిన ఇంజనీరు ఆవిడే.

నిరుడు ఈ కాస్టెల్‌రోవో ఊళ్లో కార్ల పందెం పెళ్లి ఊరేగింపులా సాగింది. కార్లు ఏ వరుసలో బయల్దేరాయో ఆ వరుసలోనే ఇంటికొచ్చాయి. చూసేవాళ్లు ఆవలించారు. ఈసారీ ఇంతే అయితే పందేన్ని వేరే ఊరికి పట్టుకెళ్తామని నిర్వాహకులు తేల్చి చెప్పేశారు. ఊళ్లో హోటళ్లూ, కొట్లూ, అద్దె గదులూ ఏడాదంతా బతికేది ఆ మూడు రోజుల మీదే.

అందుకని చలికాలమంతా నిద్ర మానుకుని ఆవిడ పదకొండో మలుపును మళ్లీ గీసింది. ఈ కాలపు కార్లు వెనక వచ్చేవాడికి చెదిరిన గాలినే వదులుతాయి. మలుపుల్లో ఆ గాలి తగిలితే కారు పట్టు తప్పి జారుతుంది. తిన్నని దారిలో మాత్రం అదే గాలి వెనకవాడిని ముందుకు లాగుతుంది. కాబట్టి ముందు పొడవాటి తిన్నని దారి పెట్టింది. దాని చివర బాగా వంపు తిరిగిన వెడల్పాటి మలుపు. అక్కడ బ్రేకు ఎవడు ఆలస్యంగా తొక్కితే వాడు లోపలివైపు నుంచి దూరిపోవచ్చు. కాగితం మీద అంతా బాగానే ఉంది.

"వెనక ఎవరు ఎవర్ని దాటినా జనానికి పట్టదమ్మా. మొదటి స్థానం చేతులు మారాలి, అదీ ఈ మలుపులోనే," అని పొద్దున్నే చెప్పాడు నిర్వాహకుల తరఫున వచ్చిన బాల్దాచ్చీ. ఇప్పుడు ఆవిడ పక్కనే కూర్చుని ఉన్నాడు.

మొదటి స్థానంలో ఎర్రకారు. నడిపేది ఊరివాడే, ఫియోరెంజో. ఇవాళ గెలిస్తే పెద్ద జట్టువాళ్లు తీసుకుంటారని నెల్లాళ్లుగా ఊరంతా చెప్పుకుంటోంది.

"సంతోషించాలో ఏడవాలో తెలీట్లేదక్కా," అన్నాడు కాఫీ కొట్టు ఎర్మెతే, రొట్టె నములుతూ. "మనవాడు గెలిస్తే పందెం పోతుంది. పందెం నిలవాలంటే మనవాడు ఓడాలి."

"నోరు మూసుకుని తిను," అంది ఒత్తావియా.

ఎర్రకారు దూసుకొచ్చింది. వెనకాలే నీలంకారు. మిగతా మలుపులన్నిట్లోనూ ఫియోరెంజో లోపలివైపు కాచుకుని ఈగను కూడా దూరనివ్వడం లేదు. పదకొండో మలుపులో మాత్రం కారును బయటివైపునే ఉంచి నింపాదిగా తిప్పుతున్నాడు.

"అదేంటక్కా! ఇక్కడ తలుపు బార్లా తీసిపెట్టాడు?"

ఆవిడ గోళ్లు కొరుక్కుంటోంది.

"ఆ నీలంకారువాడికి కళ్లు లేవా? ఇంత సందుంటే దూరడేం?"

"లోపలివైపు దుమ్ము పేరుకుంది. భయపడుతున్నాడు," అందావిడ.

నాలుగు చుట్లు. మూడు. రెండు. బాల్దాచ్చీ లెక్క రాసుకుంటున్న చిన్న పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు.

"నేను బయల్దేరతానమ్మా. తర్వాత దారంతా కిక్కిరిసిపోతుంది."

"ఒక్క నిమిషం ఆగండి," అని ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది. వదల్లేదు.

చివరి చుట్టు. తిన్నని దారిలో నీలంకారు ఎర్రకారును ఆనుకుని వచ్చింది. ఎర్రకారు బ్రేకు తొక్కింది. నీలంకారు తొక్కలేదు. సందులోకి దూరాక తొక్కింది. గుప్పున దుమ్ము లేచింది. రెండూ పక్కపక్కనే మలుపు తిరిగాయి. దుమ్ములోంచి బయటికొచ్చేసరికి నీలం ముందుంది. చివరి గీత దాటేదాకా ముందే ఉంది.

గ్యాలరీ అంతా ఒక్కసారిగా లేచి అరిచింది.

బాల్దాచ్చీ ఆవిడ రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. "మలుపంటే ఇదమ్మా! వచ్చే ఏడు కూడా ఇక్కడే. పూచీ నాది!"

ఎర్మెతే గంతులేశాడు. అంతలోనే మొహం వేలాడేశాడు. "పాపం, మనవాడు! అన్నీ కాచుకుని ఈ ఒక్కటే ఎందుకు వదిలేశాడంటావక్కా?"

ఒత్తావియా కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి. మలుపు గెలిచిన సంతోషమే అనుకున్నాడు బాల్దాచ్చీ.

"పదకొండులో ఎవ్వడూ దాటలేడు నాన్నా, నువ్వు మిగతావి కాచుకో చాలు," అని ఆ పొద్దున బాల్దాచ్చీ మాట విన్నాక, కాఫీ కప్పు చేతికిస్తూ కొడుకు ఫియోరెంజోకి చెప్పి పంపింది ఆవిడే.