మొహరు మీద నల్లచేయి

"చెయ్యి తియ్యి! ఛీ!"

హనుమత్ప్రసాద్ గారు అరిచారు.

పంజాగుట్టలో పాత నాణేల ప్రదర్శన. బల్ల మీద మొఘలుల నాటి బంగారు మొహరు. సుత్తెతో కొట్టి చేసినది. అంచు వంకర, నిండా ఫారసీ అక్షరాలు. దాన్ని తాకింది ఒక ముసలాయన చేయి. నల్లబడ్డ వేళ్లు, యాసిడ్ తిన్న గోళ్లు, ఊడుతున్న చర్మం.

ముసలాయన చేయి వెనక్కి తీసుకున్నాడు.

"గిది తీస్కోకుండ్రి సాబ్. పాతది కాదు."

ఈ ఒక్క మొహరు కోసం హనుమత్ప్రసాద్ గారు ఇరవై ఏళ్లుగా సేకరించిన వెండి రూపాయలన్నీ సంచిలో పోసుకుని వచ్చారు. అవి ఇస్తే ఇది ఇస్తానన్నాడు అమ్మే రాఘవేందర్.

"నీకు ఫారసీ చదవడం వచ్చా?"

"రాదు సాబ్."

"మరి పాతది కాదని నీకెలా తెలుసు?"

"ఎట్లనంటే సాబ్, గా మొహరు..." అంటూ ముసలాయన దగ్గరికి వంగాడు. యాసిడ్ కంపు గుప్పుమంది.

"అబ్బా, దూరం జరుగు! వాంతి వచ్చేట్టుంది. ఏంటండీ రాఘవేందర్ గారూ, ఇలాంటివాళ్లని లోపలికి ఎలా రానిస్తారు?"

"పరేషాన్ గాకుండ్రి సార్."

రాఘవేందర్ ముసలాయన రెక్క పట్టుకుని బయటికి నెట్టి వచ్చాడు. చేతులకు సెంటు రాసుకున్నాడు.

ఆ సెంటు చేతిలో హనుమత్ప్రసాద్ గారు సంచి పెట్టేశారు. ఇంటికెళ్లి, ముసలాయన తాకిన పాపానికి మొహరును సబ్బుతో రెండుసార్లు కడిగారు.

వారం తర్వాత అమీర్‌పేటలో బంగారం పరీక్షించే కామరాజు దాన్ని భూతద్దం కింద తిప్పి తిప్పి చూశాడు.

"కొత్తది సార్. రెండు నెలలు సుత కాలే."

రాఘవేందర్ ఫోన్ స్విచాఫ్. హనుమత్ప్రసాద్ గారికి ఆ సెంటు వాసన గుర్తొచ్చి అసహ్యం వేసింది.

"పనితనం మాత్రం మస్తుంది" అన్నాడు కామరాజు. "అచ్చు చెక్కి గిట్ల చేత్తో కొట్టెటోడు బాబూ మియా ఒక్కడే."

"ఎక్కడుంటాడా దొంగ?"

"దొంగ కాదు సార్. పెండ్లి హారానికని చెప్పి చేయించుకున్నరు. పాతదని అమ్ముతున్నరని తెల్వంగనే ఎగ్జిబిషన్‌కు ఉరికిండు. కొనే పెద్దసారు చేతులు చూసి ఛీ కొట్టిండంట. అయినా గా సారు రూపాయలు గా సారుకు రావాలని, నిన్న పోలీసులకాడికి పోయి 'గది నేనే కొట్టిన' అని చెప్పి లోపల కూసున్నడు."