పిచ్చుక పూచీ

“మళ్ళీ తగలడ్డాడు!” అంటూ కోడలు కుట్టుమిషను ఆపేసింది.

ఫోన్లో ఎవరో పిచ్చుకట. మొహం లేదు, అసలు పేరు లేదు. తను కుట్టిన గౌను ఫోటో పెట్టడం ఆలస్యం, “నీ చేతిపని చూస్తే కడుపు నిండిపోతుందమ్మా” అని కింద రాసేస్తాడు.

పొద్దున్నించీ లాటరీల వాళ్ళూ, బట్టతల మందుల వాళ్ళూ ఫోన్లు చేసి ఒకటే పోరు. అసలే తిక్కగా ఉంది.

“ఊరికే పొగిడేవాడు రేపేదో అంటగట్టక మానడు!”

ఒక్క నొక్కు నొక్కి, ఆ పిచ్చుకతో తెంపేసుకుంది.

కాసేపటికి అత్త గుమ్మంలోకొచ్చి నిలబడింది. ఇద్దరికీ మాటల్లేక చాన్నాళ్ళయింది లెండి. ఆవిడ పెదవి కదిపేలోపే, “చేతినిండా పనుంది” అంది కోడలు, తలెత్తకుండా.

మధ్యాహ్నం అన్నానికి చూస్తే అత్త లేదు. పెరట్లో లేదు, మేడమీద లేదు. చెప్పులూ లేవు.

రెండు వీధులు దాటితే ఆవిడకి దారి తెలీదు.

కోడలు వీధిలో పరుగెడుతూనే అత్తకి ఫోన్ చేసింది. ఎత్తదు. ఫోటో పెట్టి, “మా అత్తగారు కనబడటం లేదు, కాస్త చూడండి” అని అందరికీ రాసింది.

ఎప్పుడూ అంతమంది పలికే చోట, ఒక్కరు పలికితే ఒట్టు.

ఇంటికొచ్చేసరికి, ఊరంతా గాలించి మరిదీ వచ్చాడు, చెమటలు కక్కుతూ. ఫోన్లు బాగుచేస్తాడు గానీ, ఈ కబుర్ల గోల అతనికి పట్టదు.

“ఒక్కరూ ఉలకరేం బాబూ?”

అతను ఫోను లాక్కుని చూశాడు.

“ఈ కబుర్ల చోటుకి యజమానంటూ ఎవడూ లేడు వదినా. దొంగ కబుర్లు రాకుండా వాళ్ళలో వాళ్ళే పెట్టుకున్న కట్టుబాటు ఒకటుంది. తెలిసినవాళ్ళు పూచీ పడితేనే నీ మాట నలుగురికీ చేరుతుంది. లేదంటే చెత్తలోకే.”

“నాకు బోలెడుమంది తెలుసుగా!”

“వాళ్ళంతా ఈ పిచ్చుకకి తెలిసినవాళ్ళు. నీకు పూచీగా నిలబడ్డది అదొక్కటే. దాన్నే తెంపేసుకున్నావా, మహాతల్లీ!”

“ఎవడో పనికిమాలినవాడనుకున్నా!”

“ముందు బతిమాలుకో!”

గబగబా ఆ పిచ్చుకకి రాసింది: “తప్పయిపోయింది, మళ్ళీ కలుపుకోండి. మా అత్తగారు తప్పిపోయారు. మీరు చెబితేనే అందరూ వింటారు.”

పంపేసింది.

ఆ మరుక్షణమే పక్కగదిలో, అత్త మంచం మీది దుప్పటి మడతల్లోంచి, ఫోను టింగుమంది.