ముందు ఇంటివాళ్లకి

కంపెనీ గేటు దగ్గర కొత్తగా నిలబెట్టిన ఇనుప ఆర్చి కూలిపోయింది. దాని కింద పడి ఒక మనిషి పోయాడు.

ఆ సంగతి లోకానికి చెప్పాల్సింది ఆమె. కమ్యూనికేషన్స్ మేనేజరు. గది వెనక వైపు, మూడో అంతస్తులో. కిటికీలోంచి చూస్తే కార్లే తప్ప గేటు కనబడదు.

కంప్యూటర్లో రాస్తున్న ప్రకటన అక్షరాలు అలుక్కుపోతున్నాయి. కళ్లజోడు ఇవాళ కూడా ఇంట్లోనే మర్చిపోయింది. "దానికో తాడు కట్టి నీ మెడలో వేస్తాను, చూడు" అని మొగుడు వేళాకోళమాడుతూనే ఉంటాడు. అక్షరాలు పెద్దవి చేసుకుని, తప్పులు దిద్దుకుంది.

ఫోను మోగింది. టీవీ విలేకరి.

"పేరొక్కటి చెప్పండి మేడమ్, చాలు."

"ఇంటివాళ్లకి తెలియనిదే చెప్పం."

"మీరు కాకపోతే ఇంకొకరు చెబుతారు. ఎంతసేపని ఆపుతారు?"

ఆమె భయం కంపెనీ పరువు గురించి కాదు. వెనక ఒకసారి ఇలాగే పేరు బయటికి పొక్కింది. కూరగాయలు తరుగుతూ టీవీ చూస్తున్న తల్లి, తెర మీద కొడుకు పేరు చదువుకుంది. కబురు చెబుదామని అప్పుడే ఫోను చేసిన ఈమే ఆ తల్లి పెట్టిన కేక విన్నది. ఆ తరవాతే పట్టుబట్టి నియమం పెట్టించింది. ముందు ఇంటివాళ్లకి. తరవాతే లోకానికి.

హెచ్.ఆర్. పెద్దాయనకి ఫోను చేసింది.

"ఎవరో తెలిసిందా సార్?"

"ఇప్పుడే తెలిసిందమ్మా. జేబులో గుర్తింపు కార్డు దొరికింది. మన ఉద్యోగి కాదు. ఎవరికో ఏదో ఇచ్చిపోదామని వచ్చాడు."

"అయ్యో! ఇంటివాళ్లకి చెప్పారా?"

"ఇంకా లేదు."

"ఇంకానా? టీవీవాళ్లు నా పీక మీద కూర్చున్నారు సార్. ఎవరున్నారు ఆయనకి?"

"భార్య."

"పాపం, ఏ సంగతీ తెలియక ఏ పనిలో ఉందో ఏమో! ఫోనులో చెప్పకండి. మీరే వెళ్లండి. టీవీ ఉంటే ముందు కట్టేయండి. ఎదురుగా కాదు, పక్కన కూర్చోండి. మంచినీళ్లు దగ్గర పెట్టండి. నసగకండి, ఉన్నమాట చెప్పేయండి."

"అలాగే తల్లీ."

"చేరడానికి ఎంతసేపు పడుతుంది?"

"ఎంతోసేపు పట్టదు."

ఆమె గోడ మీది టీవీ వైపు చూసింది. గేటు దగ్గర జనం, వంగిన ఇనుము, మసగ్గా కనబడుతున్నాయి. కింద అక్షరాలు పరుగెత్తుతున్నాయి. పేరు వచ్చేసిందేమోనని లేచి, తెరకి ముఖం ఆనించినంత దగ్గరగా వెళ్లి చదివింది. రాలేదు. భగవంతుడా, ఆవిడ మాత్రం ఇప్పుడు టీవీ చూడకుండా ఉంటే చాలు అనుకుంది.

తలుపు తెరుచుకుంది. పెద్దాయన.

"ఇంకా ఇక్కడే ఉన్నారా సార్!" ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది. "ఒక్క నిమిషం ఆలస్యమైతే ఆవిడ గతేంటి?"

ఆయన తలుపు వేశాడు. టీవీ కట్టేశాడు.

ఆమెని కూర్చోబెట్టి, పక్కన తానూ కూర్చుని, మంచినీళ్ల గ్లాసు దగ్గరికి జరిపి, గుప్పిట్లోంచి ఆమె కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.