నాలుగు పొయ్యిల పొగ

నాలుగు గదుల్లోంచీ పొగ రావాలి. అదీ పది గంటల లోపల.

కృష్ణవేణమ్మ చీకటితోనే లేచి, పెరట్లోని నాలుగు గదుల ముందూ నాలుగు రకాల ముగ్గులు వేసింది. ఒకే చెయ్యి వేసినట్టు కనిపించకూడదని ఒకటి కావాలనే వంకరగా వేసింది. దండెం మీద మొగుడి చొక్కాలు ఆరేసింది. మొగుడు మాత్రం ఊళ్ళో లేడు. నిన్న సాయంత్రమే మహానందికి వెళ్ళాడు. రామకృష్ణయ్యకు ధైర్యం తగ్గినప్పుడల్లా భక్తి పెరుగుతుంది.

మూడేళ్ళ కిందట కర్నూలు రాజధాని అయినప్పుడు గుమాస్తాలు డేరాల్లో కాపురాలు పెట్టారు. నెత్తి మీద కప్పు చూపిస్తే చాలు, అడిగినంత బాడుగ. కృష్ణవేణమ్మ ఉన్న ఇంటిని బ్యాంకులో తనఖా పెట్టి, ఆ డబ్బుతో పెరట్లో వరసగా నాలుగు గదులు లేపింది. మిద్దె ఆరకముందే జనం దిగారు. ఆ తర్వాత వచ్చినవాళ్ళకు "ఖాళీ లేదు నాయనా" అని చెప్పీ చెప్పీ ఆమెకు నోరు నొప్పి పుట్టింది.

మొన్న నవంబరులో రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది. వారం తిరిగేసరికి నాలుగు గదులూ ఖాళీ. పోతూ పోతూ ఒకాయన గోడకు కొట్టుకున్న మేకు కూడా పీక్కుపోయాడు.

బ్యాంకుకు రెండు కంతులు తప్పాయి. మూడోదీ తప్పేలా ఉందనగా కార్డు వచ్చింది. 'మా గుమాస్తా నరసింహారావు గురువారం పది గంటలకు మీ గదులు చూచుటకు వచ్చును.' అంతే. గదులు ఖాళీగా కనిపిస్తే ఇల్లు వేలానికి పోతుందని అందులో రాయలేదు. అది రాస్తేనే తెలుసుకునేంత తెలివితక్కువది కాదు కృష్ణవేణమ్మ.

బాడుగకు మనుషులు దొరకనప్పుడు మనుషులనే అరువు తెచ్చుకోవాలి.

మొదటి గదిలో పక్కింటి జైనాబ్ బీ కుట్టుమిషనుతో సహా దిగింది. రెండో గది జట్కా తోలే పుల్లన్నది. గుర్రాన్ని గుమ్మం పక్కనే కట్టేశాడు. మూడో గదిలో జైనాబ్ బీ అత్త. ఆమెకు బ్రహ్మచెవుడు కాబట్టి ఒక మాట పోయి ఇంకో మాట చెప్పే ప్రమాదం లేదు. నాలుగో గదికి మనిషి కుదరలేదు. పొయ్యి రాజేసి, తలుపుకు బీగం వేసేశారు.

సరిగ్గా పదికి నరసింహారావు వచ్చాడు. చంకలో సంచి, చేతిలో గొడుగు.

"అమ్మా, గదులు చూడాల. మా మేనేజరు ఏమన్నాడంటే..."

"చూడు నాయనా, చూడు. కళకళలాడతాండాయి."

అతను మాటలతో ఆగే మనిషి కాదు. గొడుగు అడ్డం పెట్టి వాకిలి వెడల్పు కొలిచాడు. కిటికీ కమ్మీలు పట్టుకొని ఊపాడు. నేల మీది నాపరాతిని మడమతో రెండుసార్లు గట్టిగా తన్ని చూశాడు. చూసినదల్లా పుస్తకంలో రాసుకున్నాడు.

వేలంపాట కాగితానికి కొలతలు తీస్తున్నాడు, అనుకుంది కృష్ణవేణమ్మ.

"ఏమప్పా, ఎన్నాళ్ళయింది ఈడికొచ్చి?" అని పుల్లన్నను అడిగాడు.

"మూడేండ్లు సార్."

"ఖాళీ చేసే ఆలోచన ఏమన్నా ఉండాదా?"

పుల్లన్నకు నేర్పింది ఒక్క ముక్కే. దానికి అతను సొంతంగా కొంత కలిపాడు. "ప్రాణం పోయినా చేసేది ల్యా సార్. పీనుగయినా ఈ గదిలోంచే లేసేది."

నరసింహారావు మొహం ముడుచుకుంది. "ఇంకోచోట తక్కువ బాడుగకు దొరికినా?"

"రూపాయి ఎక్కువైనా ఇచ్చుకొని ఈడే ఉంటా." జన్మలో ఒక్క రూపాయి బాడుగ కట్టని మనిషి గుండె మీద చెయ్యి వేసుకొని చెప్పాడు.

మూడో గదిలో ముసలామె ఏ ప్రశ్నకైనా అవునని తల ఊపింది. నాలుగో గది దగ్గర నరసింహారావు ఆగిపోయాడు. బీగం వైపు చూశాడు. తలుపు సందులోంచి వస్తున్న పొగ వైపు చూశాడు.

"బయట బీగం. లోపల పొయ్యి. ఇదేందమ్మా?"

కృష్ణవేణమ్మకు మూడేళ్ళ కష్టం ఆ తలుపు సందులోంచి పొగై పోతున్నట్టు అనిపించింది.

మిషను చప్పుడు ఆగింది. "వానికి అదే అలవాటు సార్," అంది జైనాబ్ బీ లోపలినుంచి. "నిప్పు ఆర్పకుండానే డ్యూటీకి పోతాడు. శానాసార్లు చెప్పినాం. ఎవరి మాట ఇంటాడు, పెండ్లికాని మనిషి."

నరసింహారావు ఇంకా ఆశ చావనివాడిలా బీగాన్ని ఒకసారి లాగి చూశాడు. వదిలేశాడు.

"అయితే ఒక్క గదన్నా ఖాళీ లేదంటారు."

"ఒక్కటి కూడా లేదు నాయనా," అంది కృష్ణవేణమ్మ, మూడేళ్ళనాటి గొంతుతో. "ఇంకో పదేండ్లకైనా కాదు. అంతా కుదురైనోళ్ళు."

అతను నిట్టూర్చి, రాసినదంతా ఒక్క గీత పెట్టి కొట్టేసి పుస్తకం మూశాడు. కృష్ణవేణమ్మ పరుగున వెళ్ళి మజ్జిగ తెచ్చింది. సంతోషంలో ఉప్పు రెండుసార్లు వేసింది. అతను మర్యాదకు తాగి, మూతి తుడుచుకొని, గొడుగు చంకన పెట్టుకున్నాడు.

"మా బ్యాంకునే ఈడికి మార్చి, మీ అప్పు కంతులన్నీ బాడుగలోనే తీసేసుకుందామని, నాలుగు గదులూ పదేండ్లకు మాట్లాడుకొని రమ్మన్నాడమ్మా మా మేనేజరు, ఏం చేస్తాం, మీకు అదృష్టం బాగుండి అన్నీ నిండిపోయినాయి."